సంకేతపదముల సంరక్షణ

రైలు టిక్కెట్టు కొనవలెనన్నను, కరెంటు బిల్లు చెల్లింపవలెనన్నను, బ్యాంకు ఖాతాలోని నిల్వ చూచుకొనవలెనన్నను నేడు మనము ముందుగా ఒక పేరును, దానివెంట ఒక పాస్‌వర్డును తెలుపవలసియున్నది. పూర్వము కోటద్వారముకడ కావలివానికి సంకేతపదము చెప్పి లోనికి పోయెడివారు. ఆ ఆచారమే నేడు ఇంటింటికి వచ్చినది. అయితే ఆ కావలివాడు మన రహస్యమును ఏ విధముగా గుర్తుంచుకొనుచున్నాడు? మన సొమ్మును, మన ఉత్తరములును దీని సమాధానముపై ఆధారపడియున్నవి కావున, ఈ విషయమును కొంత విచారింతము.

ప్రతి వెబ్‌సైటు వెనుకను సర్వరను కంప్యూటరును, దానియందు డేటాబేసను పట్టికలును ఉండును. ఆ పట్టికలో ఒక్కొక్క సభ్యునికి ఒక్కొక్క వరుస. పాస్‌వర్డును ఆ వరుసలో ఉన్నదున్నట్లు వ్రాసియుంచుట అన్నిటికన్న సులభమైన పద్ధతి. అన్నిటికన్న అపాయకరమైనదియు అదియే.

ఇందుకు నిదర్శనములు కంప్యూటర్ల బాల్యదశనుండియు కలవు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బాటో బృందము, ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను వ్యవస్థను 1961లో ప్రదర్శించెను. ఎవరి పత్రములు వారికే దక్కునట్లు అందు ఒక్కొక్కరికి ఒక్కొక్క పాస్‌వర్డు నిచ్చిరి. 1962లో ఆలన్ షెర్ అను పరిశోధకుడు, తనకిచ్చిన గంటలు చాలక, పాస్‌వర్డుల జాబితాను అచ్చువేయుమని ఆ యంత్రమునే కోరెను. యంత్రము అచ్చువేసి యిచ్చెను! ఆ దశకముననే మరియొకనాడు, ఒక నిర్వాహకుడు పాస్‌వర్డుల పత్రమును, వేరొకడు దినప్రకటనను ఒకేసారి సవరించుచుండగా రెండును తారుమారై, లోనికి వచ్చిన ప్రతివారికిని అందరి పాస్‌వర్డులును ప్రకటనగా కనిపించెను. దొంగ రానక్కరలేదు, పొరపాటు చాలును.

దీనికి విరుగుడు ఆ దశకముననే ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రోజర్ నీధామ్ సూచించెను. పాస్‌వర్డును దాచక, దానిని ఒక గణితప్రక్రియకు లోబరచి, వచ్చిన ఫలితమును మాత్రమే దాచవలెను. ఈ ఫలితమునకు హ్యాష్ అని పేరు. పసుపుకొమ్మును దంచి పొడిచేయవచ్చునుగాని, పొడినుండి కొమ్మును మరల చేయలేము. హ్యాష్ కూడ అట్టిదే. మనము పాస్‌వర్డు చెప్పినప్పుడెల్ల సర్వరు దానిని మరల అదే ప్రక్రియకు లోబరచి, దాచిన ఫలితముతో సరిచూచును. రిజిస్ట్రారు కచేరీలో దాచునది వేలిముద్రయేకాని వేలుకాదు గదా!

అయినను ఒక లోపము మిగిలెను. ఇద్దరి పాస్‌వర్డు ఒకటియైనచో హ్యాష్ కూడ ఒకటియే యగును. నిఘంటువులోని మాటలకెల్ల ముందే హ్యాష్‌లు సిద్ధపరచుకొన్న దొంగ, పట్టిక చేజిక్కగానే సరిపోల్చుకొనగలడు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రకటించిన వ్యాసమున, తాము సేకరించిన 3,289 పాస్‌వర్డులలో 2,831 సులభముగా ఊహింపదగినవే యని తెలిపిరి. కావున ప్రతి పాస్‌వర్డునకు యాదృచ్ఛికమైన ఒక సంఖ్యను చేర్చి హ్యాష్ చేయు పద్ధతిని వారు వివరించిరి. ఆ సంఖ్యకు సాల్ట్, అనగా ఉప్పు, అని పేరు. ఉప్పు వేరైనచో ఒకే పాస్‌వర్డునకు వేర్వేరు ఫలితములు వచ్చును. ఉప్పును ఆ వరుసలోనే వ్రాసియుంచినను, దొంగ ఒక్కొక్కరికొరకు వేరుగా శ్రమపడక తప్పదు. ఆ శ్రమను మరింత పెంచుటకై, కావలెననియే నెమ్మదిగా నడచు బీక్రిప్ట్ అను ప్రక్రియ 1999లో వెలువడెను.

ఇంత తెలిసియు ఉపేక్షించినవారు కలరు. 2009లో రాక్‌యూ అను సంస్థనుండి సుమారు 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు బయటపడెను. అవన్నియు ఉన్నదున్నట్లు వ్రాసినవే. వానిలో అత్యధికులు ఎన్నుకొన్నది 123456. లింక్‌డిన్ సంస్థనుండి 2012లో వెలువడిన సుమారు 65 లక్షల హ్యాష్‌లకు ఉప్పు చేర్చియుండలేదు.

సర్వరులోనికి తొంగిచూడజాలని గృహస్థునకు దీనివలన ప్రయోజనమేమి? అతడు గుర్తింపదగిన చిహ్నమొకటి కలదు. పాస్‌వర్డు మరచితిమని తెలిపినప్పుడు, క్రొత్తది పెట్టుకొనుడని మార్గము చూపు వెబ్‌సైటు సరియైన త్రోవలోనున్నది. మన పాత పాస్‌వర్డునే ఉత్తరములో వ్రాసి పంపినదా, అది మన రహస్యమును తిరిగి చదువదగిన రూపమున దాచుచున్నదని తెలియవలెను. దానిని వెంటనే మార్చి, మరెచ్చటను వాడకుండుట క్షేమము. ఏలయన, ఒకచోట దొరికిన పాస్‌వర్డును దొంగలు బ్యాంకులయందును, ఉత్తరములయందును ప్రయోగించి చూతురు. ఎంత పటిష్ఠమైన హ్యాష్ అయినను 123456 ను కాపాడజాలదు. కావున పొడవైన పాస్‌వర్డును, చోటుకొకటి చొప్పున ఎన్నుకొనుడని మేము పాఠకులకు మనవి చేయుచున్నాము. జ్ఞాపకముండదన్న భయమున్నచో, ఒక పుస్తకములో వ్రాసి ఇంటి బీరువాలో భద్రపరచుకొనుట, అన్నింటికిని ఒకే పాస్‌వర్డు వాడుటకన్న ఎంతయో మేలు.

మన రహస్యము తానెరుగకయే మనలను గుర్తింపగలవాడే ఉత్తముడైన కావలివాడు.