గ్యారేజీలో పుట్టే చిట్టిల్లు

పగలంతా ఊళ్లు తిరగాలి. పొద్దుగూకగానే ఏ చెట్టు కిందో బండి ఆపి, వెనక మూత ఎత్తి వంట చేసుకోవాలి. తిన్నాక పక్క తలుపు తీసుకుని లోపలికి దూరి హాయిగా నిద్రపోవాలి... అమెరికాలో ఈ సరదా కోసం కొందరు ట్రెయిలర్ కొనుక్కోరు. సెలవురోజుల్లో గ్యారేజీలో కూర్చుని సొంతంగా కట్టుకుంటారు!

కారు వెనక తగిలించుకునే ఈ చిట్టిల్లు పక్క నుంచి చూస్తే జారబోయే కన్నీటిబొట్టులా ఉంటుంది. అందుకే టియర్‌డ్రాప్ అన్నారు. 1930లలో మొదలైన ముచ్చట ఇది. 1947లో 'మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్' పత్రిక దీన్ని ఎలా కట్టుకోవాలో కొలతలతో సహా అచ్చువేసింది. చిన్నరకం బండి 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. ప్లైవుడ్ షీటు కొలత కూడా సరిగ్గా అంతే మరి!

చెక్కపెట్టె కట్టడం వరకూ ఫర్వాలేదు. గుండె గుబగుబలాడేది దానికి అల్యూమినియం రేకు తొడిగేటప్పుడే. 'ఓస్, మన సిల్వరు గిన్నెల లోహమేగా' అని తీసిపారేయకండి. 1 మిల్లీమీటరు మందమున్న 4×8 అడుగుల రేకు బరువు 8 కిలోలే. అదే ఉక్కు రేకైతే దాదాపు మూడింతలు. మెత్తనిది కాబట్టి తేలిగ్గా తెగుతుంది. మెత్తనిది కాబట్టే చెయ్యి జారితే సొట్ట, ఇసుకరేణువు రాసుకున్నా గీత! ఒకసారి నలిగిన రేకు మళ్లీ మునుపటిలా కాదు, డబ్బు దండగే.

నిట్టనిలువు గీతలైతే చిక్కులేదు. బద్ద ఆనించి పదునైన కత్తితో లోతుగా గీసి, అటూ ఇటూ రెండు మూడుసార్లు వంచితే పలచటి రేకు ఆ గీత వెంటే విరుగుతుంది. అసలు పరీక్ష వంపుల దగ్గర. రేకుల కత్తెరతో కోస్తే అంచు అలలు తేలుతుంది. కరెంటు రంపమైతే రేకు కింద చెక్క ఆనించాలి, లేదంటే గడగడా అదురుతుంది. రంపం అడుగుభాగానికి టేపు అంటించకపోతే అది వెళ్లినంత మేరా గీతలే. అల్యూమినియానికి ఇంకో జబ్బుంది. వేడెక్కితే పళ్లకు అతుక్కుపోతుంది. అందుకని మధ్యమధ్య కాస్త మైనమో నూనెచుక్కో రాస్తుంటారు.

చేయి తిరిగినవాళ్లు మొదటే కచ్చితంగా కోయరు. అర అంగుళం ఎక్కువే ఉంచి రేకును పెట్టెకు బిగిస్తారు. తర్వాత రూటర్ అనే యంత్రాన్ని అంచు వెంట నడుపుతారు. దాని కొసనున్న చిన్న చక్రం ప్లైవుడ్‌ను ఆనుకుని దొర్లుతుంటే, పైనున్న బ్లేడు మిగులు రేకును చెక్కతో సమానంగా చెక్కేస్తుంది. ఆ సమయంలో సూదుల్లాంటి వేడి తునకలు ఎగురుతాయి. కళ్లద్దాలూ, పొడుగు చేతుల చొక్కా లేకుండా దగ్గరికి పోకూడదు. చివర్లో ఆకురాయితో అంచు నున్నగా చేయకపోతే తర్వాతెప్పుడో బండి తుడిచేవారి వేలు తెగుతుంది.

ఇంత తంటా అందానికే అనుకునేరు! అసలు భయం వానతో. పక్క రేకూ పైకప్పు రేకూ కలిసే మూలలో అంచు వంకర పోతే సందు ఏర్పడుతుంది. అందులోంచి దిగిన నీరు బయటికి కనపడదు. పైన రేకు తళతళలాడుతూనే ఉంటుంది, లోపల చెక్క కుళ్లిపోతూ ఉంటుంది. అందుకే ఆ మూలలో ఎప్పటికీ గట్టిపడని బ్యుటైల్ టేపు పరిచి, దాని మీద అల్యూమినియం పట్టీ పెట్టి, స్టెయిన్‌లెస్ స్క్రూలతో దగ్గరదగ్గరగా బిగిస్తారు. మామూలు ఇనుప స్క్రూలైతే నాలుగు వానలకే తుప్పు చారలు దిగుతాయి.

ఇక్కడో తిరకాసుంది. ఎండకు అల్యూమినియం సాగుతుంది. చలికీ వేడికీ మధ్య 40 డిగ్రీల తేడా వస్తే 8 అడుగుల రేకు 2 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. ఎటూ కదలకుండా బిగించేస్తే మధ్యలో బుడగలా ఉబ్బుతుంది. అందుకని రేకులో బెజ్జాలు స్క్రూల కన్నా కాస్త పెద్దవిగా వేస్తారు.

అన్నీ అయ్యాక మిగిలేది రేకు మీద ఫ్యాక్టరీలో అంటించిన పలచటి ప్లాస్టిక్ పొర ఒలవడం. గీతలు పడకుండా కాపాడేది అదే కాబట్టి అప్పటిదాకా ముట్టుకోరు. అలాగని ఎండలో వారాలపాటు వదిలేస్తే పీకినా రాదు. ఇంట్లో పిల్లలుంటే ఆ పని పెద్దల దాకా రానివ్వరనుకోండి!