పైన పువ్వులు, కింద చెమ్మ

ఉంగుటూరు వైపు ఇంటి పనులు ఎక్కువగా వేసవిలోనే పెట్టుకుంటారు. వరి, మినుము ఇంటికొచ్చేసి, నూజివీడు తోటల్లో రసాలు, బంగినపల్లి కోతకొచ్చే రోజులవి. పెళ్ళిళ్ళూ అప్పుడే. చుట్టాలొచ్చేలోగా హాల్లో పగిలిన గచ్చు మీద ఒక వినైల్ షీటు వేయించేద్దామనిపిస్తుంది. నేల పొడిగా ఉంటుంది, కుర్రాడొచ్చి రబ్బరు గమ్ము రాసి ఒక్క పూటలో అతికించి వెళ్ళిపోతాడు. తర్వాత కాలువకు నీళ్ళొదులుతారు, వానలు పడతాయి, ఊరి చుట్టూ చేలు నిండుతాయి. శ్రావణమాసానికి హాలు మధ్యలో బుడగ లేస్తుంది, గోడవార అంచులు పైకి చుట్టుకుంటాయి. సరుకు నాసిరకమని షాపువాణ్ణి తిట్టుకుంటాం. నిజానికి తప్పు చాలాసార్లు సరుకులో ఉండదు, ముహూర్తంలో ఉంటుంది.

గచ్చు గట్టిగా కనిపించినా దాని నిండా కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. నేలలోని తడి వాటి గుండా పైకెక్కి గాలిలో కలిసిపోతుంది. పునాదిలో చెమ్మ ఆపే పొర వేయని పాత ఇళ్ళలో ఇది ఏళ్ళ తరబడి జరుగుతూనే ఉంటుంది. అప్పుడప్పుడు గోడ అడుగున తెల్లగా ఉప్పు పొంగితే తప్ప మనం పట్టించుకోం. వినైల్ అంటే పీవీసీ. నీటిని పైనుంచి కిందికి పోనివ్వదు, కిందినుంచి పైకీ రానివ్వదు. దాంతో ఎక్కే తడి దాని కింద చిక్కుకుపోతుంది. సిమెంటులోని క్షారం ఆ తడిలో కరిగి గమ్మును మెత్తబరుస్తుంది. బుడగలు, బూజు, ముక్కవాసన అన్నీ అక్కడ పుట్టేవే.

కాబట్టి రంగు, డిజైను ఎంచుకునే ముందు నేలను పరీక్షించాలి. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పున్న మందపాటి పాలిథిన్ ముక్కను నేల మీద పరిచి, నాలుగు అంచులా గాలి చొరకుండా టేపు వేయండి. కనీసం 16 గంటలు వదిలేయండి. తీసి చూస్తే పాలిథిన్ అడుగున నీటి బిందువులున్నా, కింద గచ్చు రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. హాల్లో ఒకచోట, గోడవార ఒకచోట, వంటింటి దగ్గర ఒకచోట చూడాలి. ఈ పరీక్ష మే నెలలో చేస్తే నేల నెగ్గేస్తుంది. వానలు బాగా పడ్డాక, ఆగస్టులోనో సెప్టెంబరులోనో చేసి, పని వేసవిలో పెట్టుకోవడం తెలివైన పని. మేడ మీది గదికి ఈ భయం లేదు. అక్కడ చూసుకోవాల్సింది కారే పైకప్పు, బాత్రూం గోడ.

చెమ్మ ఉందని తేలితే గమ్ముతో అతికించే రకాలేవీ వద్దు. ఇక్కడ నా అభిప్రాయం కాస్త మొండిది. ఇంట్లో బేతంచెర్ల బండలో, కడప బండలో చక్కగా పరిచి ఉంటే వాటిమీద ఏ వినైలూ వేయక్కర్లేదు. సందుల్లో సిమెంటు నింపించి పాలిష్ పెట్టిస్తే సరిపోతుంది, మన ఎండలకు కాళ్ళకూ చల్లగా ఉంటుంది. పగిలిన గచ్చుకు, వన్నె తగ్గిన మొజాయిక్‌కు, పగలగొట్టడానికి వీల్లేని అద్దె ఇంటికి వినైల్ నిజంగా పనికొస్తుంది.

బజారులో అన్నిటినీ వినైల్ అనే అమ్ముతారు గానీ అందులో రకాలున్నాయి. చుట్టగా వచ్చే పలచటి ఫ్లోర్ మ్యాట్ తరచు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని ఊరికే పరుచుకుని, ఏడాదికోసారి ఎత్తి తుడుచుకుంటే చాలు. అంతకంటే మందమైన షీటును గమ్ముతో అతికిస్తారు. ఆసుపత్రుల్లో, రైలు పెట్టెల్లో కాలి కింద కనిపించేది ఈ జాతిదే, ఇంకా గట్టిది. చెక్క పలకల్లా కనిపించే రెండు మూడు మిల్లీమీటర్ల ప్లాంకులు మరో రకం. ఇప్పుడు కొత్తగా ఎక్కువ నడుస్తున్నది ఎస్పీసీ. పీవీసీలో సున్నపురాయి పొడి ఎక్కువగా కలిపి చేసిన గట్టి పలకలవి. ఒకదాని అంచు మరోదానిలో లాక్ అవుతుంది, గమ్ము ఉండదు. కొద్దిపాటి చెమ్మను ఇదే తట్టుకుంటుంది. కాకపోతే నేల సమంగా ఉండాలి. ఆరడుగుల అల్యూమినియం పట్టీ నేల మీద పెడితే కింద మూడు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ సందు కనబడకూడదు. కనబడితే నడిచినప్పుడల్లా లాకు మీద బరువు పడి విరుగుతుంది. ఎత్తుపల్లాలు సరిచేయడానికి వాల్ పుట్టీ పూసి మమ అనిపించే వాళ్ళున్నారు. అది గోడకు చేసిన సరుకు, కాలి కింద పిండయిపోతుంది. నేలకు వాడే లెవెలింగ్ సిమెంటే పోయించాలి. గోడవార ఎనిమిది, పది మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, పైన పట్టీ కొట్టాలి. మన మే నెల ఎండకు పలకలు సాగుతాయి, ఖాళీ లేకపోతే మధ్యలో పైకి లేస్తాయి.

షాపులో మొత్తం మందం ఎంతని అడుగుతాం. అడగాల్సింది పైనున్న అరుగుదల పొర మందం. డిజైను అచ్చు వేసిన కాగితం లాంటి పొర మీద పారదర్శకంగా ఉండేది అదే. అది అరిగితే చెక్క గీతలూ పోతాయి. పడకగదికి 0.2 మిల్లీమీటర్లు చాలు, హాలుకు 0.3 ఉండాలి, ఇంటి ముందు గదిలో కొట్టు పెట్టుకుంటే 0.5 తీసుకోండి. మన దేశంలో అతికించే మెత్తటి పీవీసీ షీట్లకు ఐఎస్ 3462 అనే ప్రమాణం ఉంది. బిల్లు మీదో, చుట్ట మీదో అది ఉందేమో చూడండి. పాకే పిల్లలున్న ఇల్లయితే థాలేట్లు లేని సరుకు అడగండి. పీవీసీని మెత్తబరచడానికి కలిపే రసాయనాలవి. వాటిలో నాలుగింటిని ఐరోపా సమాఖ్య 2020 నుంచి ఇంటి వస్తువుల్లో 0.1 శాతం దాటనివ్వడం లేదు.

ఈ ప్రాంతపు ఇళ్ళలో వినైల్‌కు పెద్ద శత్రువు ఆవకాయ రోజు. కారంలోని ఎరుపు నూనెలో కరుగుతుంది, మెత్తటి పీవీసీ నూనెలో కరిగిన రంగును లోపలికి పీల్చుకుంటుంది. వెంటనే తుడిస్తే పోతుంది. మర్నాటికి అది మరక కాదు, షీటు రంగే. ముక్కలు కొట్టే రోజున అక్కడ పాత దుప్పటి కాదు, టార్పాలిన్ పరచండి. పసుపు మరకకు అంత కంగారు అక్కర్లేదు, ఎండ తగిలితే వెలిసిపోతుంది. మామిడికాయల్ని గడ్డిలో వేసి మాగబెట్టడం వినైల్ గదిలో వద్దు. గుమ్మం దగ్గర రబ్బరు అడుగున్న కాళ్ళపట్టా కూడా వద్దు. రబ్బరులోని రసాయనం కిందికి దిగి పసుపుపచ్చ మచ్చ చేస్తుంది, అది దేనికీ పోదు.

ఇక మరమ్మతు. బుడగ చిన్నదైతే డిజైను గీత వెంట సన్నగా చీల్చి, సిరంజితో గమ్ము ఎక్కించి, చపాతీ కర్రతో నొక్కి, రాత్రంతా బరువు పెట్టాలి. కింద చెమ్మ ఉంటే మాత్రం ఈ శ్రమ దండగ. లేచిన అంచును హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబరిచి, పాత గమ్మును గీకేసి, కొత్తది రాసి అతికించాలి.

బీరువా జరిపినప్పుడు చిరిగినా, సాంబ్రాణి కుంపటి కింద కాలినా ముక్క మార్చడమే దారి. దీన్ని ఎవరైనా చేయొచ్చు, ఒక్క కిటుకు తెలిస్తే చాలు. చిరుగు కొలిచి దానికి సరిపడా ముక్క కోస్తే ఎప్పుడూ కుదరదు. చిరుగు కంటే పెద్ద ముక్కను దాని పైన పెట్టి, డిజైను గీతల్ని సరిగ్గా కలిపి, కదలకుండా టేపు వేయండి. ఇనుప స్కేలు ఆనించి, పదునైన కట్టర్ బ్లేడుతో రెండు పొరలనూ ఒకేసారి కోయండి. గీతల వెంటే కోస్తే అతుకు కనబడదు. కింది ముక్క తీసేసి, గచ్చు శుభ్రం చేసి, గమ్ము రాసి పై ముక్కను అక్కడ కూర్చోబెట్టండి. రెండూ ఒకే కోతతో వచ్చాయి కాబట్టి వెంట్రుకవాసి తేడా ఉండదు. అంచుల్లోకి నీరు దిగకుండా సీమ్ సీలర్ సన్నగా పోయాలి. ముక్క ఎక్కడిదంటారా? వేయించిన రోజున మిగిలింది దాచుకోవాలి. దాచకపోతే బీరువా కిందనుంచి కోసుకోవచ్చు. ఎస్పీసీలో పలక పాడైతే దగ్గరి గోడ నుంచి వరసగా ఊడదీసి, మార్చి, మళ్ళీ పేర్చాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళు రోజుల తరబడి మునిగాయి. అలాంటి నీళ్ళు ఇంట్లోకొస్తే వినైల్ చెడదు గానీ దాని కిందికి చేరిన బురద చెడుతుంది. అతికించిన షీటును పైపైన కడిగి ఊరుకోకూడదు. ఎత్తి, నేలను వారాలపాటు ఆరబెట్టాలి. అడుగున నార పొర ఉన్న షీటు అయితే పారేయడమే. ఎస్పీసీ పలకల్ని విప్పి కడిగి, నేల ఆరాక మళ్ళీ వేసుకోవచ్చు.

పిల్లలు అమెరికాలో పాత ఇల్లు కొనుక్కుంటే ఒక్క మాట చెప్పండి. 1980లకు ముందు కట్టిన ఇళ్ళలో తొమ్మిదంగుళాల పలకలుంటే వాటిలో, వాటి కింది నల్ల గమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. పరీక్ష చేయించకుండా గీకడం, పగలగొట్టడం కూడదు.

ఇక్కడ పీకేసిన షీటును గడ్డివామి మీద కప్పుకోండి, గొడ్లచావిడి అటక మీద పరుచుకోండి, చెత్త బండికైనా ఇచ్చేయండి. నీళ్ళపొయ్యిలో మాత్రం పెట్టొద్దు. పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది.