మందు ఓడిన చోట

పాము కాటు నుంచి, పురుగుమందు విషం నుంచి, తలకు తగిలిన గాయం నుంచి బయటపడ్డవాళ్లను కూడా ఐసీయూలో ఒక జ్వరం వెనక్కి లాగుతోంది. చాలా యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా తెచ్చే జ్వరమది. ఇంకా పవర్ ఉన్న మందు కోసం అందరూ ఎదురుచూస్తున్నారు. కానీ దీనికి జవాబు మందుల అల్మారాలో కన్నా వాష్‌బేసిన్ దగ్గరే ఎక్కువగా ఉంది.

ములుగు అడవి అంచు పల్లెల్లో వానాకాలం రాత్రి కింద పడుకున్న మనిషిని కట్లపాము కాటేస్తే, కాటు దగ్గర వాపు పెద్దగా రాదు. నొప్పీ అంతంతే. తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆఖరికి ఊపిరి తీసే కండరాలే పడిపోతాయి. అలాంటి మనిషిని వరంగల్ ఎంజీఎం దవాఖానకు వేళకు చేరిస్తే దక్కించుకునే దారి ఉంది. విరుగుడు ఇంజెక్షన్ ఉంది. కండరాలు మళ్లీ కదిలేదాకా ఊపిరి అందించే వెంటిలేటర్ ఉంది. కొద్ది రోజుల్లో విషం దిగిపోతుంది.

ఆ కొద్ది రోజులే ఇప్పుడు అసలు గండం. గొంతులో గొట్టం, మెడ దగ్గర పెద్ద రక్తనాళంలో లైను, మూత్రానికి క్యాథెటర్. ప్రాణం నిలిపే ఈ మూడూ ఒంట్లోకి బ్యాక్టీరియా చేరడానికి దారులే. అయిదో రోజో ఆరో రోజో జ్వరం మొదలవుతుంది. గొట్టంలోంచి చిక్కటి కఫం వస్తుంది. ఎక్స్‌రేలో న్యుమోనియా కనిపిస్తుంది. కఫంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్ష రిపోర్టులో ఒక బ్యాక్టీరియా పేరు, దాని కింద మందుల వరుస, చాలా మందుల ఎదుట ఒకే ముక్క: రెసిస్టెంట్.

పొలంలో కొట్టే మందు ఒంట్లో చేరి రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉండే రైతుది ఇదే కథ. బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన కుర్రాడిది, పక్షవాతంతో స్పృహ లేని పెద్దాయనది కూడా ఇదే. దవాఖానకు తెచ్చిన జబ్బు ఒకటి, ప్రాణం మీదికి తెచ్చేది మరొకటి.

పొడి మంచం మీద వారాల తరబడి

ఐసీయూ డాక్టర్లకు నిద్ర పట్టనివ్వని పేర్లు ప్రధానంగా మూడు: క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్, సూడోమోనాస్. ఆరోగ్యంగా తిరిగే మనిషిని ఇవి సాధారణంగా ఏమీ చేయలేవు. క్లెబ్సియెల్లా మన పేగుల్లోనే ఉంటుంది. ఒంట్లో సత్తువ తగ్గి గొట్టాలు పడ్డప్పుడే వీటికి అదను. గొట్టం లోపలి గోడలకు జిగురు పొరలా పట్టుకుని పెరుగుతాయి. ఆ పొరలోకి మందు సరిగా చొరబడదు.

వీటిలో అసినెటోబ్యాక్టర్ మరీ మొండిది. తడి లేని చోట కూడా వారాల తరబడి బతుకుతుంది. మంచం కమ్మీ, మానిటర్ బటన్, సెలైన్ స్టాండు, డాక్టర్ జేబులోని ఫోను.. ఎక్కడైనా కాచుకుని ఉంటుంది. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి దానంతట అది నడవలేదు. మన చేతులే మోసుకెళ్తాయి.

భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2013 నుంచి దేశంలోని పెద్ద ఆస్పత్రుల కల్చర్ ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తోంది. ఇటీవలి నివేదికల్లో అసినెటోబ్యాక్టర్ నమూనాల్లో దాదాపు పదింట తొమ్మిది మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్ మందులకు లొంగలేదు. కార్బపెనెమ్‌లంటే ఐసీయూలో పెద్ద మందులు. అవి ఓడితే మిగిలేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

అందులో ఒకటి కొలిస్టిన్. 1950 ప్రాంతంలో జపాన్‌లో పుట్టిన మందు. కిడ్నీలను దెబ్బతీస్తోందని 1970ల తర్వాత డాక్టర్లే దాదాపు పక్కన పెట్టేశారు. వేరే దారి లేక మళ్లీ దుమ్ము దులిపి తెచ్చుకున్నారు. ఇన్ఫెక్షన్ తగ్గిద్దామంటే కిడ్నీ పోతుందేమో, కిడ్నీ కాపాడదామంటే ఇన్ఫెక్షన్ ఆగదేమో! రోజూ కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూసి డోసు లెక్కలు వేసుకునే ఇరకాటం అది.

ఎంజీఎం గేటు దాటక ముందే

ఎంజీఎం ఒక్క నగరానిది కాదు. భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్, జనగామ నుంచే కాదు, గోదావరి అవతల మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి కూడా జనం వస్తారు. చాలామంది నేరుగా రారు. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది, సెలైన్ బాటిల్. తగ్గకపోతే మండల కేంద్రంలో మెడికల్ షాపు. అదీ కాకపోతే పట్టణంలో నర్సింగ్ హోమ్. చేతిలో డబ్బు అయిపోయాక పెద్ద దవాఖాన. ఈలోగా రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్ ఒంట్లో పడి ఉంటాయి. వాటికి చచ్చేవి చచ్చిపోయి, చావనివి మిగిలి, ఖాళీ అయిన జాగాలో అవే పెరుగుతాయి. రోగి ఐసీయూకు వచ్చేటప్పటికే మొండి బ్యాక్టీరియాను పేగుల్లో మోసుకొస్తుంటాడు.

దీనికి ఆర్‌ఎంపీని ఒక్కడినే తిడితే న్యాయం కాదు. 'జల్ది తగ్గే సూది వెయ్యి' అని అడిగేది మనమే. జలుబు, చాలా జ్వరాలు వైరస్ వల్ల వస్తాయి. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. నాలుగో రోజు జ్వరం దానంతటదే దిగితే ఆ పేరు సూదికి దక్కుతుంది. కోవిడ్‌లో ప్రపంచమంతా ఇదే పొరపాటు చేసింది. ఆస్పత్రుల్లో చేరిన కోవిడ్ రోగుల్లో బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కూడా ఉన్నవాళ్లు 8 శాతమే. యాంటీబయాటిక్స్ పడ్డది మాత్రం దాదాపు 75 శాతం మందికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పిన లెక్క ఇది.

చట్టం లేక కాదు. పెద్ద యాంటీబయాటిక్స్‌ను షెడ్యూల్ హెచ్1లో చేర్చారు. 2014 మార్చి నుంచి అది అమల్లో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు. రాసిన డాక్టర్ పేరు, కొన్న రోగి పేరు రిజిస్టర్‌లో ఎక్కించి మూడేళ్లు దాచాలి. అయినా తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు అర్హత లేని వైద్యుల క్లినిక్‌లను తనిఖీ చేసినప్పుడు పెద్ద యాంటీబయాటిక్స్ దొరుకుతూనే ఉన్నాయి.

భీమవరం బిడ్డ, పటాన్‌చెరు కాలువ

యాంటీబయాటిక్స్ కథలో తెలుగువాళ్ల పేరు రెండు చోట్ల గట్టిగా వినపడుతుంది. ఒకటి గర్వంగా, ఇంకోటి బాధగా. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలోనే, 1945లో బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనా నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. 1948లో మార్కెట్‌లోకి వచ్చింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. తర్వాత రెండేళ్లకే, ఆ మందు తయారీలో మిగిలిన పిప్పి మేపితే కోళ్లు తొందరగా బరువెక్కుతున్నాయని అదే సంస్థ ప్రకటించింది. మనుషుల కోసం పుట్టిన మందు కోళ్ల దాణాలో చేరిన దారి అది. ఆఖరి మందైన కొలిస్టిన్ కూడా ఆ దారినే పోయింది. పశువుల్లో, కోళ్లలో దాని వాడకాన్ని కేంద్రం నిషేధించింది 2019లో.

రెండోది హైదరాబాద్ శివారులోని పటాన్‌చెరు. ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసే అక్కడి కేంద్రం నుంచి బయటికి పోయే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యొవాకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. శుద్ధి అయిపోయిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. 2016లో హైదరాబాద్ చుట్టుపక్కల మరో బృందం నీటి నమూనాలు తీస్తే, దాదాపు అన్నిటిలోనూ కార్బపెనెమ్‌లను ఓడించే బ్యాక్టీరియా దొరికింది.

ఆ ఓడించే తెలివి ఒక్కదాని దగ్గరే ఆగదు. పరీక్ష హాల్లో పిల్లలు చిట్టీలు అందించుకున్నట్టు బ్యాక్టీరియా ఒకదానికొకటి జన్యువులు ఇచ్చుకుంటాయి, వేరే జాతి వాటికి కూడా. ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన రోగిలో 2008లో బయటపడ్డ ఎన్‌డీఎం-1 అలాంటి జన్యువే. 2010 నాటికి చెన్నై, హర్యానా, బ్రిటన్ ఆస్పత్రుల్లోనూ కనిపించింది. 2019లో మన దేశంలో మొండి బ్యాక్టీరియా నేరుగా చంపింది దాదాపు 2.97 లక్షల మందిని. మరణానికి తోడైన కేసులు కూడా కలిపితే 10 లక్షలు దాటుతాయి.

కొత్త మందులు రావడం లేదా అంటే వస్తున్నాయి. చెన్నై సంస్థ ఆర్కిడ్ కనిపెట్టిన ఎన్‌మెటాజోబ్యాక్టమ్‌కు 2024లో అమెరికా అనుమతి వచ్చింది. సంతోషమే. కానీ ఆరియోమైసిన్ నుంచి కార్బపెనెమ్‌ల దాకా జరిగింది ఒకటే: ఎడాపెడా వాడిన ప్రతి మందూ కొన్నేళ్లకు చేతకానిదైంది. కొత్తది దక్కినా అదే దారి పడితే మనకు మిగిలేది బిల్లే.

ఎలుక దొరికింది, బ్యాక్టీరియా దొరకదు

2022 మార్చి చివర్లో ఎంజీఎం ఐసీయూలో ఓ రోగిని ఎలుకలు కొరికిన వార్తతో రాష్ట్రమంతా గగ్గోలెత్తింది. సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. ఎలుక కనిపిస్తుంది, కొరికిన గాయం కనిపిస్తుంది కాబట్టి జవాబు చెప్పేవాళ్లను వెతికారు. చేతుల మీదుగా పాకిన అసినెటోబ్యాక్టర్ ఒక ప్రాణం తీస్తే ఏ విచారణా ఉండదు. కాగితం మీద 'సెప్సిస్' అని పడుతుంది. కర్మ ఇంతేననుకుని ఇంటికి తీసుకెళ్తారు.

కర్మ కాదని నిరూపించినవాళ్లున్నారు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 2004 నుంచి వంద పైచిలుకు ఐసీయూల్లో అయిదు పనులు తు.చ. తప్పకుండా చేశారు. చేతులు కడుక్కోవడం, లైను వేసేటప్పుడు ఒళ్లంతా స్టెరైల్ గుడ్డ కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, వీలైనంతవరకు తొడ దగ్గర లైను వేయకపోవడం, అవసరం తీరిన లైనును వెంటనే తీసేయడం. ఏడాదిన్నరలో రక్తంలోకి పాకే ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయి. ఆ అయిదు పనుల్లో ఒక్కటి కూడా కొత్త మందు కాదు.

ఇక్కడ చేయలేని పనులూ కావవి. అయితే 'చేతులు కడుక్కోండి' అని గోడకు పోస్టర్ అంటిస్తే సరిపోదు. వెంటిలేటర్ మీదున్న ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలన్నది ప్రమాణం. నలుగురిని ఒక్కరే చూసుకుంటే మంచానికీ మంచానికీ మధ్య చేతులు శుభ్రం చేసుకునే తీరికెక్కడిది? ల్యాబ్ రాత్రి కూడా పనిచేయకపోతే, రెండు మూడు రోజులు పట్టే కల్చర్ రిపోర్టు ఇంకా ఆలస్యమవుతుంది. అప్పటిదాకా డాక్టర్ చీకట్లో బాణం వేయాల్సిందే. చీకట్లో వేసేది ఎప్పుడూ అతి పెద్ద మందే.

వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు జాగాలో 24 అంతస్తుల ఆస్పత్రికి 2021లో శంకుస్థాపన జరిగింది. అంతస్తులు లెక్కపెట్టుకుని మురవడంతో పాటు ఇంకో లెక్క కూడా అడగాలి: వెయ్యి వెంటిలేటర్ రోజులకు ఎన్ని న్యుమోనియాలు వస్తున్నాయి? వైద్యులు ప్రపంచమంతటా వాడే కొలమానం అది. సర్కారు దవాఖానైనా కార్పొరేట్ ఆస్పత్రైనా ఆ అంకెను నెలనెలా గోడ మీద రాసిపెడితే, ఎలుకకు జవాబు చెప్పినట్టే బ్యాక్టీరియాకు కూడా ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఐసీయూ బయట కూర్చున్నవాళ్లు అడగాల్సినవి

* యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు కల్చర్‌కు రక్తం, కఫం పంపారా? రిపోర్టు వచ్చాక మందు మార్చారా, తగ్గించారా?
* క్యాథెటర్, మెడ లైను ఇంకా అవసరమేనా? ఈ ప్రశ్న రోజూ అడగొచ్చు. తప్పేం లేదు.
* వెంటిలేటర్ మీదున్న రోగి తలవైపు మంచం ఎత్తి ఉంచారా? నోరు శుభ్రం చేస్తున్నారా?
* లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ మీ చేతులు శుభ్రం చేసుకోండి. పక్క మంచం రోగిని పలకరించాలనిపిస్తే మాటతోనే పలకరించండి, ముట్టుకోవద్దు.
* అంతకుముందు ఏయే సూదులు, మందులు పడ్డాయో చీటీలన్నీ తెచ్చి డాక్టర్‌కు చూపండి. ఆర్‌ఎంపీ వేసినవీ దాచొద్దు.
* ఇంటికొచ్చాక మిగిలిన మాత్రలు ఇంకొకరికి ఇవ్వొద్దు. మళ్లీ జ్వరమొస్తే పాత చీటీతో షాపుకు పోవద్దు.