దిగడం తేలికే.. పైకి రావడమే కష్టం!

టైటానిక్ అందరికీ తెలిసిందే. దానికి తోబుట్టువు లాంటి నౌక బ్రిటానిక్ గురించి తెలిసినవారు తక్కువ. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం దాన్ని ఆసుపత్రి నౌకగా మార్చారు. 1916 నవంబరు 21న గ్రీసులోని కియా దీవి దగ్గర, జర్మన్లు సముద్రంలో అమర్చిన మందుపాతర పేలి 55 నిమిషాల్లోనే మునిగిపోయింది. వెయ్యిమందికి పైగా బతికి బయటపడగా, 30 మంది మరణించారు. 1975లో ఫ్రాన్స్‌కు చెందిన జాక్ కూస్టో దాని జాడ కనిపెట్టారు.

ఇప్పుడది సుమారు 120 మీటర్ల లోతున పక్కకు ఒరిగి ఉంది. డైవర్లు అక్కడికి కొద్ది నిమిషాల్లోనే చేరుకుంటారు. అయితే అడుగున ఓ అరగంట గడిపినా, పైకి రావడానికి గంటలకు గంటలు పడుతుంది. ఎందుకిలా?

ఒంట్లో సోడా బుడగలు

నీటిలో ప్రతి 10 మీటర్లకూ ఒంటి మీద ఒక వాతావరణ పీడనమంత ఒత్తిడి పెరుగుతుంది. 120 మీటర్ల దగ్గర అది ఒడ్డున ఉన్నదానికి 13 రెట్లు. అంత ఒత్తిడికి, పీల్చిన వాయువులు రక్తంలో, కొవ్వులో ఎక్కువగా కరిగిపోతాయి. గబగబా పైకి వస్తే, మూత తీసిన సోడా సీసాలో మాదిరిగా బుడగలు పుడతాయి. కీళ్లలో అయితే విపరీతమైన నొప్పి, వెన్నుపాములో అయితే కాళ్లు చచ్చుబడటం. దీన్నే డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు. అంచెలంచెలుగా ఆగుతూ వస్తే ఆ వాయువులు ఊపిరితిత్తుల ద్వారా మెల్లగా బయటికి పోతాయి. బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ హాల్డేన్ మేకలపై ప్రయోగాలు చేసి, 1908లో ఇందుకు పట్టికలు ప్రచురించారు.

ఆక్సిజనే విషమైతే..

అంత లోతులో మామూలు గాలి పీలిస్తే నైట్రోజన్ మద్యం తాగినట్టు మత్తెక్కిస్తుంది. ఆక్సిజన్ మోతాదు మించి మూర్ఛ తెప్పిస్తుంది. అందుకే ఆ రెండింటినీ తగ్గించి, హీలియం కలిపిన ‘ట్రైమిక్స్’ వాడతారు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఈ నౌక దగ్గర అనుభవజ్ఞులైన డైవర్లు సైతం ప్రాణాలు కోల్పోయారు.

సరదాగా స్కూబాకు వెళ్తున్నారా?

అండమాన్, గోవా లాంటి చోట్ల పర్యాటకులు దిగేది తక్కువ లోతుకే. అయినా ఒంటికి సంబంధించిన సూత్రాలు మారవు.

* ఊపిరి బిగబట్టి పైకి రావొద్దు. లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు.
* జలుబు, చెవినొప్పి ఉంటే వాయిదా వేసుకోండి. ఆస్తమా, గుండెజబ్బు, ఫిట్స్ ఉన్నవారు ముందే డాక్టర్‌ను అడగాలి. గర్భిణులు దిగకూడదు.
* ఒక్కసారే దిగితే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దు. తిరుగు ప్రయాణం టికెట్లు తీసుకునేటప్పుడే ఇది చూసుకోండి.
* పైకి వచ్చాక కీళ్లనొప్పి, తిమ్మిర్లు, తల తిరగటం, మాట తడబడటం లాంటివి కనిపిస్తే అలసటేనని సరిపెట్టుకోవద్దు. పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టించి, హైపర్‌బారిక్ చాంబర్ ఉన్న ఆసుపత్రికి తరలించాలి. ఎంత త్వరగా చికిత్స మొదలైతే కోలుకునే అవకాశం అంత ఎక్కువ.