24 గంటల నొప్పి, 90 రోజుల గాయం

తుని చుట్టుపక్కల పల్లెల్లో అపెండిసైటిస్ అంటే తెలియనివాళ్ళు ఉంటారేమో గానీ, ‘ఇరవై నాలుగు గంటల నొప్పి’ అంటే తెలియనివాళ్ళు ఉండరు. కోటనందూరు నుంచి ఆటోలో వచ్చినా, పెంటకోట నుంచి బండి వెనకాల కూర్చోబెట్టుకుని తెచ్చినా, కుర్రాణ్ణి బల్ల మీద పడుకోబెట్టగానే తండ్రి అడిగేది ఒకటే: “ఇరవై నాలుగు గంటల్లో కొయ్యకపోతే పోతాడంట గదండీ?” నిన్న రాత్రి భోజనాల వేళ మొదలైంది, ఇప్పుడు మధ్యాహ్నం రెండయింది, ఇంకెన్ని గంటలున్నాయని వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటూ అడుగుతారు.

ఒక జనరల్ సర్జన్‌గా ఓపీలో నేను రోజూ వినే ప్రశ్నల్లో సగానికి పైగా ఇలాంటి అంకెల ప్రశ్నలే. ఎన్ని గంటలు? ఎన్ని కుట్లు? ఎన్నాళ్ళు మంచం? ఎన్నాళ్ళు పథ్యం? అందుకే జవాబులు కూడా అంకెలతోనే చెబుతాను.

ముందు ఆ 24 గంటల సంగతి. వాచిన అపెండిక్స్ గడియారం చూసుకుని పగలదు. అమెరికాలో చేసిన ఒక పరిశీలన 2006లో అచ్చయింది. దాని ప్రకారం, నొప్పి మొదలైన 36 గంటల లోపు పగిలే అవకాశం నూటికి 2 లేదా అంతకన్నా తక్కువ. ఆ తర్వాత ప్రతి 12 గంటలకూ సుమారు 5 శాతం ముప్పు. కాబట్టి 24వ గంట దాటిందని బిడ్డ మీద ఆశ వదులుకోనక్కర్లేదు. అలాగని గ్యాస్ నొప్పిలే అని మాత్రలు వేసి రెండు రాత్రులు ఇంట్లో పడుకోబెట్టడం మాత్రం ప్రమాదం. నాకు భయం పుట్టించేది మూడో రోజు వచ్చేవాళ్ళే. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగిన నొప్పి, వాంతి, అన్నం మీద అసహ్యం, ఈ మూడూ కలిస్తే ఆ పూటే సర్జన్‌కి చూపించాలి.

“మందులతో పోదాండీ?” అన్నది దాని వెంటే వచ్చే ప్రశ్న. కొందరికి పోతుంది. ఫిన్లాండ్‌లో 530 మంది మీద చేసిన అధ్యయనంలో, పగలని మామూలు అపెండిసైటిస్‌కు యాంటీబయాటిక్స్ మాత్రమే ఇచ్చినవాళ్ళలో నూటికి 27 మందికి ఏడాదిలోపు ఆపరేషన్ అవసరమైంది. ఐదేళ్ళకు ఆ లెక్క 39కి చేరింది. అంటే నూటికి అరవై మందికి కోత తప్పింది. రెండు దారులూ చెప్పి నా అభిప్రాయం కూడా చెబుతాను. ఆసుపత్రికి దగ్గర్లో ఉండి, నొప్పి తిరగబెడితే వెంటనే రాగలిగినవాళ్ళకు మందుల దారి పరవాలేదు. నడిసముద్రంలో వేటకు పోయేవాళ్ళకు, కొండ మీది ఊళ్ళవాళ్ళకు ఆపరేషనే మేలు.

దూరం ఇక్కడ చిన్న విషయం కాదు. అత్యవసర ఆపరేషన్ చేయగల ఆసుపత్రి జనానికి రెండు గంటల్లో అందాలని లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ 2015లో చెప్పింది. ప్రపంచంలో 500 కోట్ల మందికి భద్రమైన శస్త్రచికిత్స సకాలంలో, భరించగల ఖర్చులో అందడం లేదని లెక్క కట్టింది కూడా అదే. తునికి విశాఖపట్నం సుమారు 100 కిలోమీటర్లు, కాకినాడ 60 పైచిలుకు. 16వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంది కాబట్టి తునివాళ్ళు ఆ రెండు గంటల గీతకు లోపలే ఉన్నారు. రాత్రిపూట బండి దొరకని రౌతులపూడి పైఊళ్ళ సంగతి వేరు. వాళ్ళు నొప్పి తగ్గుతుందేమోనని ఎదురుచూసే ప్రతి గంటనూ ప్రయాణంలో కలిపి లెక్కేసుకోవాలి.

ఇక మత్తు. “మత్తు ఎక్కువై లేవకపోతే?” అని అడగని ఇల్లాలు లేదు. ఈ భయం మీద ప్రపంచంలోనే పేరున్న పరీక్షలు జరిగింది మన హైదరాబాద్‌లో. 1888లో, మళ్ళీ 1889లో, నిజాం ఇచ్చిన డబ్బుతో, ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ పూనికతో, ఆనాటి మత్తుమందు క్లోరోఫారం మీద కమిషన్లు పనిచేశాయి. క్లోరోఫారం ముందు ఊపిరినే ఆపుతుందని, గుండెను సూటిగా ఆపదని ఆ కమిషన్లు తేల్చాయి. గుండెనూ ఆపగలదని తర్వాతి పరిశోధనలు చూపాయి గానీ, మత్తిచ్చినంత సేపూ రోగి ఊపిరి మీదే కన్నుండాలన్న లారీ పట్టు నేటికీ సరైనదే. ఆ రోజుల్లో అక్కడ మత్తిచ్చినవారిలో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఆమెను లెక్కిస్తారు. ఇప్పుడు వేలికి తగిలించే చిన్న క్లిప్పు రక్తంలో ఆక్సిజన్‌ను క్షణక్షణం చూపిస్తుంది. సదుపాయాలు బాగా ఉన్నచోట, ఇతర జబ్బులు లేని మనిషి కేవలం మత్తు వల్ల చనిపోయే అవకాశం లక్షకు ఒకటి స్థాయికి దిగింది.

“నడుముకి సూది వేశారండి, అప్పట్నుంచీ నడుం నొప్పే” అన్నది పెద్దాపరేషన్‌తో పిల్లల్ని కన్న తల్లుల నుంచి వినే మాట. ఆ సూది మందం సుమారు అర మిల్లీమీటరు. పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. సూది దిగేది ఇంకా కింద, అది లేని చోట. కొద్దిమందికి లేచి కూర్చుంటే తలనొప్పి వస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. సన్న సూదులతో అది నూటికి ఒకరిద్దరికి. ఏళ్ళ తరబడి నడుంనొప్పి మాత్రం సూది వేయించుకున్న తల్లుల్లోనూ, వేయించుకోని తల్లుల్లోనూ ఇంచుమించు ఒకే లెక్కలో కనిపించింది. బిడ్డను వంగి ఎత్తుకోవడం, ఒంగి పాలివ్వడం, నిద్రలేమి, సడలిన కడుపు కండరాలు, వీటిని ఎవరూ అనుమానించరు. సూది ఒక్కటే గుర్తుంటుంది.

మత్తుకు ముందు కడుపు ఖాళీగా ఉండాలి. తేలిక తిండి తిన్నాక 6 గంటలు, నూనె వస్తువులో మాంసమో అయితే 8 గంటలు, మంచినీళ్ళకు 2 గంటలు. “ఏమీ తినలేదండి, పాలే తాగాను” అంటారు. పాలు తిండి కిందే లెక్క, పాలు కలిపిన టీ కూడా అంతే. ఆ ఒక్క గ్లాసు వల్ల ఉదయం ఆపరేషన్ మధ్యాహ్నానికి జరిగిన రోజులున్నాయి. రాత్రే నీళ్ళు కూడా మానేసి నాలుక పిడచకట్టి వచ్చేవాళ్ళూ ఉన్నారు. అదీ అక్కర్లేదు. రెండు గంటల ముందు వరకూ మంచినీళ్ళు తాగొచ్చు.

థియేటర్లోకి వెళ్ళేటప్పుడు “ఎన్నిసార్లు అడుగుతారండీ పేరు?” అని విసుక్కుంటారు. విసుక్కోకండి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల జాబితా ఒకటి ఇచ్చింది. మనిషి ఎవరు, ఆపరేషన్ ఏది, ఏ వైపు, ఏ మందు పడదు అని బయటికి చదవడమే దాని పని. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో ఆ జాబితా అమలుచేసి చూస్తే, ఆపరేషన్ తర్వాతి మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి, తిప్పలు 11 నుంచి 7కి తగ్గాయి. ఖరీదు ఒక కాగితం.

ఆపరేషన్ అయ్యాక అడిగే మొదటి ప్రశ్న “కుట్లు ఎప్పుడు తీస్తారు?” పొట్ట మీద కుట్లయితే 7 నుంచి 10 రోజులు. కుట్లు తీసిన రోజున ఇంటిల్లిపాదీ గాయం మానిపోయిందనుకుంటారు. నేను ఎక్కువసేపు కూర్చోబెట్టి చెప్పేది ఆ రోజే. వారానికి కోసిన చోట బలం, మామూలు చర్మం బలంలో పదో వంతుకు మించదు. మూడు వారాలకు నూటికి 20 నుంచి 30. మూడు నెలలకు 80 దాకా వస్తుంది. అక్కడితో ఆగుతుంది, నూటికి నూరూ ఎప్పటికీ రాదు. పైన చర్మం అతుక్కుని గీతలా కనబడుతున్నా, లోపలి పొర ఇంకా అల్లుకుంటూనే ఉంటుంది.

ఇప్పుడు ఇంట్లో బరువులు చూడండి. నిండు గ్యాస్ బండలో గ్యాస్ 14.2 కిలోలు, బండ బరువుతో కలిపితే 30 కిలోల దాకా. బియ్యం బస్తా 25. ధాన్యం బస్తా 75. పెద్ద కోతతో హెర్నియా చేయించుకున్న మనిషి మూడో వారంలో గ్యాస్ బండ ఎత్తితే, పదింట మూడు వంతుల బలం మీద పూర్తి బరువు పెట్టినట్టే. అందుకే పెద్ద కోతకు ఆరు వారాల నుంచి మూడు నెలలు, చిన్న రంధ్రాలతో చేసినవాటికి రెండు మూడు వారాల నుంచి నెల వరకు బరువులొద్దంటాను. నడక, మెట్లు, కింద కూర్చోవడం వేరు. “అన్నవరం ఎప్పుడెళ్ళొచ్చండీ, మొక్కుంది” అంటారు. లాపరోస్కోపీ అయినవాళ్ళు రెండు వారాలకు కొండ మీదికి బస్సులో వెళ్ళి వ్రతం చేసుకోవచ్చు. నాలుగు వందలకు పైగా ఉన్న మెట్లు నడిచి ఎక్కాలంటే నెల ఆగండి. స్వామి ఎక్కడికీ వెళ్ళరు.

లాపరోస్కోపీ అయిన మర్నాడు “పొట్ట కోస్తే భుజం నొప్పేంటండీ?” అని కంగారుపడతారు. పొట్టను ఉబ్బించడానికి నింపిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత లోపలే మిగిలి, పొట్టకూ ఛాతీకీ మధ్యనున్న పొరను ఒరుస్తుంది. ఆ పొర నరమూ, భుజం నరాలూ మెడలో దగ్గర దగ్గర చోట్ల నుంచే మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఆ గ్యాస్ ఇంకిపోతుంది. లేచి నడిస్తే మేలు. అసలు ఆపరేషన్ అయిన రోజు సాయంత్రమే నాలుగడుగులు వేయించమనేది భుజం కోసం కాదు. కదలకుండా పడుకుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరగలదు, కఫం పట్టి న్యుమోనియా రాగలదు. మంచం దిగనివ్వకపోవడం ప్రేమ అనుకుంటారు మనవాళ్ళు. ఆ ప్రేమను నేను గట్టిగానే వద్దంటాను.

ఇక పథ్యం. ఈ ఒక్క విషయం మీద నేను రోజూ ఓడిపోతున్నాను, అందుకే ఎక్కువ రాస్తున్నాను.

పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ అయిన మూడో రోజు, ఒక తల్లి మంచం పక్కన అత్తగారు స్టీలు కేరేజీ విప్పారు. పైగిన్నెలో అన్నం. కిందిగిన్నెలో కారప్పొడి, ఒక చెంచా నెయ్యి. అడుగున నీళ్ళ మజ్జిగ. “పప్పెట్టొచ్చాండి? చీము పడుతుందంటారు” అని ఆవిడ గొంతు తగ్గించి అడిగారు. వంకాయ వద్దు, గోంగూర వద్దు, గుడ్డు వేడి, చేప నీచు అని జాబితా అప్పజెప్పారు. కోడలి మీద అభిమానం లేక కాదు. తన ముగ్గురు పిల్లల పురుళ్ళకూ ఆవిడా అలాగే తిన్నారు.

ఆ కోడలి బరువు 60 కిలోలు. మామూలు రోజుల్లో కిలోకు ఒక గ్రాముకు కాస్త తక్కువ మాంసకృత్తులు చాలు. ఆపరేషన్ తర్వాత 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి, అంటే రోజుకు 72 నుంచి 90. ఆవిడకు అందుతున్నదెంత? పొద్దున మూడు ఇడ్లీలు, 6 గ్రాములు. మధ్యాహ్నం అన్నం, 7. సాయంత్రం రెండు రొట్టె ముక్కలు, 4. రాత్రి రెండు ఇడ్లీలు, 4. పల్చటి మజ్జిగ, 3. మొత్తం 24. కావలసినదాంట్లో మూడో వంతు. గాయం అల్లుకునేది మాంసకృత్తులతోనే. అవి అందకపోతే శరీరం తన కండనే కరిగించుకుంటుంది. పదో రోజున “ఇంకా నీరసమేనండి” అని తీసుకొస్తారు, నెపం కత్తి మీదికి పోతుంది.

ఇప్పుడు కలపండి. రెండు గుడ్లు 12. ఒక కప్పు గట్టి కందిపప్పు 9. రెండు గ్లాసుల పాలు 16. నాలుగు చేప ముక్కలు 18. ఇవి 55, ముందటి 24తో కలిపి 79. సరిపోయింది. మాంసం ముట్టనివాళ్ళు పెరుగు, సెనగలు, వేరుసెనగలు, ఇంకో కప్పు పప్పు పెంచుకోవాలి. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టరును అడిగి తినాలి. పేగు కోసి కుట్టినవాళ్ళకు ఎప్పుడు ఏం పెట్టాలో సర్జనే చెబుతారు. మిగతావాళ్ళకు పథ్యం పేరుతో పెట్టే పస్తు అపకారమే.

చీము మాట వచ్చింది కాబట్టి రెండు సంగతులు. ఇంటి దగ్గర బ్లేడుతో వెంట్రుకలు గీయించుకుని రావద్దు, ఆ గాట్లలోనే క్రిములు చేరతాయి. బలమైన యాంటీబయాటిక్ పది రోజులు రాయమని అడగవద్దు. మామూలు ఆపరేషన్లకు కోతకు ముందు గంటలోపు ఇచ్చే మోతాదే అసలు కాపలా. చక్కెర 180 లోపు ఉంచుకోవడం, సిగరెట్టో చుట్టో కనీసం నాలుగు వారాల ముందు మానడం అంతకన్నా పెద్ద కాపలా. తీరం వెంబడి అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, తాగే మామ్మలున్నారు. “నేను పొగ తాగనండి, చుట్టేగా” అంటారు. చుట్టా పొగే మామ్మగారూ.

ఖర్చు సంగతి చివర్న అడుగుతారు, ముందే అడగాలి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం కింద ఏ ఆపరేషన్ వస్తుందో నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆ పథకం సహాయ బల్ల దగ్గర చెబుతారు. చేరకముందే కార్డు, ఆధార్ పట్టుకుని ఆ బల్ల దగ్గరికి వెళ్ళండి. పథకం వర్తిస్తే తాకట్టు కొట్టు మెట్లెక్కే పని తప్పుతుంది.

డిశ్చార్జి కాగితం వెనక నేను చేత్తో రాసిచ్చేవి ఇవి: మూడో రోజు దాటాక 100.4 డిగ్రీలు మించిన జ్వరం. తగ్గాల్సిన నొప్పి రోజురోజుకీ పెరగడం. గాయం ఎర్రబడి, వేడెక్కి, రసి కారడం. పొట్ట ఉబ్బి, వాంతులై, గ్యాస్ పోకపోవడం. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం. కళ్ళు పచ్చబడటం. ఉన్నట్టుండి ఆయాసం. వీటిలో ఒక్కటి కనబడినా తెల్లారనీ అనుకోకుండా, ఊళ్ళో ఇంజెక్షన్ వేయించుకోకుండా, ఆపరేషన్ చేసిన చోటికే రండి. ఆయాసమైతే 108కి ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా బండి వస్తుంది, డబ్బు అడగరు.