ఆరు వారాల మాస్టార్లు

పేరు వారిక్ విశ్వవిద్యాలయమే అయినా, అది ఉన్నది వారిక్ పట్టణంలో కాదు, కోవెంట్రీ నగరం అంచున. 1965లో మొదలైన ఈ విశ్వవిద్యాలయం 2006లో ‘వారిక్ ఇన్ ఆఫ్రికా’ పేరుతో ఒక కార్యక్రమం పెట్టింది. అప్పటి నుంచి దీని తరఫున విద్యార్థులు వేసవి సెలవుల్లో దక్షిణాఫ్రికా, టాంజానియా, ఘనా దేశాల బడులకు వెళ్తూ వచ్చారు. ఉండేది సుమారు ఆరు వారాలు. చెప్పేది లెక్కలు, ఇంగ్లిష్. ఇంకా డిగ్రీ చేతికి రాని పిల్లలు, ఎప్పుడూ చూడని దేశంలో, ఆరు వారాల్లో ఏం చెప్పగలరు? ఎవరికైనా వచ్చే అనుమానమే. నా మట్టుకు, వాళ్లకు లెక్కలు ఎంత బాగా వచ్చన్నది రెండో సంగతి. అక్కడి మాస్టారి మాట విని పనిచేస్తారా లేదా అన్నదే అసలు సంగతి.

సాయానికి వెళ్లడం, సాయానికి వచ్చినవాళ్లకు చోటివ్వడం కోవెంట్రీకి రెండూ తెలుసు. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలు నగరాన్ని బూడిద చేశాయి. పాత కేథడ్రల్‌కు మిగిలినవి గోడలు, గోపురం. 1961లో జర్మనీ నుంచే యువతీ యువకులు వచ్చి ఆ శిథిలాల దగ్గర పనికి దిగారు. 1965లో కోవెంట్రీ యువత జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్లింది. 1945 ఫిబ్రవరి బాంబుదాడుల్లో దెబ్బతిన్న డీకనెస్ ఆసుపత్రిని తిరిగి నిలబెట్టే పనిలో చెయ్యి వేసింది. ఆసుపత్రి అక్కడి సిస్టర్లది. వెళ్లినవాళ్లు పనివాళ్లు.

ఆఫ్రికాకు ప్రయాణం కట్టేవాళ్లకు ఈ తేడా ముందే తెలియాలి. దక్షిణాఫ్రికానే తీసుకోండి. అక్కడ లెక్కల పాఠం అంటే పాఠం ఒక్కటే కాదు. 1953లో బంటూ విద్యా చట్టం తెచ్చిన మంత్రి వెర్వూర్డ్, నల్లజాతి పిల్లవాడికి గణితం నేర్పి ఏం లాభమని పార్లమెంటులోనే అడిగాడు. కూలిపనికి పనికొచ్చేంత చదువు చాలన్నది ఆ చట్టం ఉద్దేశం. తర్వాత గణితం, సామాజిక శాస్త్రం తెల్ల పాలకుల ఆఫ్రికాన్స్ భాషలోనే చెప్పాలని ప్రభుత్వం పట్టుబట్టింది. దాన్ని ఎదిరిస్తూ 1976 జూన్ 16న సొవెటో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్లలో హెక్టర్ పీటర్సన్ వయసు 12 ఏళ్లు. ఒక తరం పిల్లలకు కావాలనే లెక్కలు దూరం చేశారు. ఆ పిల్లల్లోంచే తర్వాతి తరం మాస్టార్లు రావాల్సి వచ్చింది. ఈ చరిత్ర తెలియకుండా ఆ బళ్లో అడుగుపెట్టిన కుర్రాడికి పిల్లలు వెనకబడ్డారన్నదే కనిపిస్తుంది. వెనక్కి నెట్టింది ఎవరో కనిపించదు. పాఠ్యపుస్తకం తెరిచే ముందు చదవాల్సింది ఇదే.

టాంజానియాలో చిక్కు వేరు. ప్రభుత్వ బడుల్లో ప్రాథమిక విద్య కిస్వాహిలీలో సాగుతుంది. సెకండరీకి వెళ్లగానే మీడియం ఇంగ్లిష్. పైగా 2016 నుంచి ప్రభుత్వ సెకండరీ బడుల్లో ఫీజులు ఎత్తేశారు. పేదింటి పిల్లలకు తలుపు తెరుచుకుంది, తరగతి గదులు కిక్కిరిశాయి. కోవెంట్రీ నుంచి వచ్చిన అమ్మాయి బోర్డు మీద సమీకరణం రాసి “అర్థమైందా?” అని ఇంగ్లిష్‌లో అడిగితే క్లాసంతా మౌనం. ఆ మౌనం మనకు తెలియనిది కాదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో ఎంపీసీ ఇంగ్లిష్ మీడియంలో చేరిన పిల్లలను అడగండి. లెక్క వచ్చు, నోరు పెగలదు. అలాంటి గదిలో కిస్వాహిలీలో ఒక్క మాట అందించి పాఠాన్ని నడిపించేది అక్కడి ఉపాధ్యాయుడే. ఆయన లేకుండా ఆ అమ్మాయి తెచ్చిన గణితం బోర్డు దాటి బెంచీ దాకా చేరదు.

బడి బయట నేర్చుకోవాల్సింది ఇంకా ఎక్కువ. అక్కడ చిన్నవాళ్లు పెద్దలకు ‘షికామూ’ అని మొక్కుబడిగా కాదు, ఆగి మరీ చెబుతారు. పెద్దలు ‘మరహబా’ అంటారు. ఎంత చదువుకున్న వాలంటీరైనా ఊరి ముసలమ్మ ముందు చిన్నవాడే, ముందు పలకరించాల్సింది అతనే. భోజనానికి ముందు చేతుల మీద నీళ్లు పోస్తారు. మొక్కజొన్న పిండితో వండిన ఉగాలీని కుడిచేత్తో ముద్ద చేసి కూరలో అద్దుకుని తింటారు. ఘనాలో అకాన్ కుటుంబాలు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతాయి. శుక్రవారం పుట్టిన మగపిల్లాడు కోఫీ, శనివారం పుడితే క్వామె. అతిథికీ అలాగే ఒక పేరు దొరుకుతుంది. ఏదిచ్చినా కుడిచేత్తోనే ఇవ్వాలి. అక్కడికి వెళ్లే మన తెలుగు పిల్లలకు ఈ మర్యాదలు చెప్పనక్కర్లేదు. అయితే మనలాగే ఉన్నారని మురిసిపోయి, తేడాలు అడిగి తెలుసుకోవడం మానేస్తేనే ఇబ్బంది.

సేవ పేరిట జరిగే చెడు గురించి దాచకుండా చెప్పుకోవాలి. 1968లో మెక్సికోలో ఆలోచనాపరుడు ఇవాన్ ఇలిచ్, సేవకు బయల్దేరిన అమెరికా విద్యార్థుల ముఖం మీదే చెప్పాడు: మీ మంచి ఉద్దేశాలు ఇక్కడ అక్కర్లేదని. ఆ మాట కటువుగానే ఉంటుంది, కానీ అనాథాశ్రమాల యాత్రలు చూస్తే ఆయన కోపం అర్థమవుతుంది. అలాంటి ఆశ్రమాల్లోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ ఏళ్లుగా చెబుతోంది. డబ్బిచ్చే సందర్శకులు ఉన్నంతకాలం పిల్లలను ఇళ్ల నుంచి తెచ్చి చూపించేవాళ్లూ ఉంటారు. అనుబంధం పెంచుకుని నెలలోపే వెళ్లిపోయే అక్కయ్యలు, అన్నయ్యలు ఆ పసివాళ్లకు మరో దెబ్బ. అటువైపు మాత్రం వెళ్లకండి, ఎంత పేరున్న ఏజెన్సీ పిలిచినా సరే.

సాయం అందుకునే వైపు ఎలా ఉంటుందో అనంతపురం చెప్పగలదు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఆ కరువు నేలలో పని మొదలుపెట్టాడు. 2009లో అక్కడే కన్నుమూశాడు. నలభై ఏళ్లు. ఆయన నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ)లో పనిచేసేది దాదాపు అంతా స్థానికులే. స్పెయిన్ నుంచి బత్తలపల్లి ఆసుపత్రికి వచ్చే వాలంటీర్ డాక్టర్లు కొన్నాళ్లుండి వెళ్లిపోతారు, వార్డు నడవడం మాత్రం ఆగదు. ఆరు వారాల కోసం వెళ్లేవాళ్లు ఫెర్రర్ కాలేరు. కానక్కర్లేదు. నడుస్తున్న బడికి అదనపు చెయ్యి అయితే చాలు.

కోవెంట్రీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు తక్కువేమీ కాదు. వాళ్లలో చాలామందికి వేసవి అంటే అప్పు తీర్చుకునే కాలం, గోడౌన్‌లోనో సూపర్‌మార్కెట్‌లోనో షిఫ్టులు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. వీలున్నవాళ్లు మాత్రం వెళ్లాలి. ఘనాకైతే ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి, ఆ కార్డు అక్కడి నుంచి ఇండియాకు వచ్చేటప్పుడూ చూపించాలి. జూలైలో జోహన్నెస్‌బర్గ్ చలికాలం, స్వెటర్ పెట్టుకోవాలి. దరఖాస్తు చేసే ముందు అడగాల్సినవి: ఈ బడి మమ్మల్ని కోరిందా, ఏ మాస్టారి దగ్గర పనిచేస్తాం, ఆయన సిలబస్‌లో ఎక్కడున్నారు? తిరిగొచ్చే ముందు ఏ తరగతికి ఏ అధ్యాయం దాకా అయిందో, ఏ పిల్లలకు ఎక్కడ అర్థం కాలేదో ఒక నోట్‌బుక్‌లో రాసి ఆయన చేతికివ్వాలి. సోమవారం మళ్లీ ఆ తరగతి తీసుకునేది ఆయనే.