వెబ్ సర్వీస్

వ్యవసాయ మార్కెట్ల డిజిటల్ వార్తల్లో తరచూ కనిపిస్తున్న మాట ఇది. ఒక సర్వర్‌లోని సమాచారాన్ని మరో ప్రోగ్రాం నెట్ ద్వారా అడిగి తీసుకునే ఏర్పాటే వెబ్ సర్వీస్.

నిజామాబాద్ మార్కెట్ యార్డు 2016 ఏప్రిల్‌లో జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ‘ఈ-నామ్’ మొదలైనప్పుడే అందులో చేరింది. ఇలాంటి మార్కెట్ల రోజువారీ ధరలను కేంద్ర ప్రభుత్వ డేటా పోర్టల్ వెబ్ సర్వీస్‌గా ఇస్తోంది. ఫోన్‌లో వేసుకున్న యాప్ ‘నిజామాబాద్, పసుపు’ అని అడిగితే కనిష్ఠ, గరిష్ఠ ధరలు, ఎక్కువగా పలికిన (మోడల్) ధర జేసన్ లాంటి, ప్రోగ్రాంలు చదివే రూపంలో తిరిగొస్తాయి. వాటిని తెలుగులో, చదవగలిగేలా చూపించాల్సింది మాత్రం యాపే. అసలు కష్టం అక్కడే. పైగా సిగ్నల్ అందకపోతే జవాబు రాదు. బాగా రాసిన యాప్ ఆగిపోకుండా, చివరిసారి వచ్చిన ధరను దాని తేదీతో చూపిస్తుంది. తేదీ కనిపించని ధరను నమ్మి పసుపు బస్తాలు బండికెత్తకండి.